నెట్ సెంటర్లో దొరికిన ముగ్గు లెక్క

2000 తర్వాత కొన్నేళ్లపాటు, ధనుర్మాసం మొదలైందంటే తిరుపతి నెట్ సెంటర్లకు కొత్త గిరాకీ పడేది. రైలు టికెట్లు చూసుకునే యాత్రికులు, ఫలితాల కోసం వచ్చే యూనివర్సిటీ పిల్లలు ఎప్పుడూ ఉండేవాళ్లే. వాళ్ల మధ్యలో ముగ్గుల కోసం వచ్చే అక్కలు, వాళ్ల వెంట తోడొచ్చిన తమ్ముళ్లు. ఇంట్లో అవ్వ దాచుకున్న ముగ్గుల నోటుబుక్కు నెల పొడుగునా సరిపోదు. పక్కింటి వాకిట్లో నిన్న పడిన ముగ్గు మన వాకిట్లో రేపు వేయలేం. అందుకే నెట్‌లో వెతుకులాట. ప్లైవుడ్ అరలు, బయట విడిచిన చెప్పులు, పేరూ టైమూ రాసే రిజిస్టరు, గంటకు 20 రూపాయలు, ఏసీ ఉంటే ఇంకో పది. టైము అయిపోతుంటే "అన్నా, ఇంకో పది నిమిషాలు వెయ్యన్నా" అని అడగడం, "పక్కన పిల్లోళ్లు కాసుకోనుండారు, బిరీన కానీమ్మా" అని సెంటరాయన అనడం మామూలే.

ఆ పది నిమిషాల్లో ఎంత పని అయ్యేదో ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. 56 కె మోడెం అని పేరే గానీ, లైను బాగున్నప్పుడు సెకనుకు నాలుగైదు కిలోబైట్లు వస్తే గొప్ప. 100 కిలోబైట్ల బొమ్మ తెరమీద పైనుంచి కిందికి దిగడానికి ఇరవై సెకన్లు దాటేది. అదే కనెక్షన్‌ను నాలుగు కంప్యూటర్లు పంచుకుంటే లెక్క మీరే వేసుకోండి. కాబట్టి అలవాటైనవాళ్లు ఒక విండోలో పేజీ దిగుతుండగా రెండో విండోలో ఇంకోటి తెరిచిపెట్టేవాళ్లు. అక్కడే కూర్చుని చదవడం దండగ. దించుకుని, దాచుకుని, ఇంట్లో నిదానంగా చూడాలి.

దాచుకోవడంలోనే ఎక్కువమంది దెబ్బతినేవాళ్లు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో 'సేవ్ యాజ్' కొడితే పేజీ ఒక ఫైలుగా, దాని బొమ్మలు అదే పేరున్న వేరే ఫోల్డరులో పడతాయి. ఫైలు ఒక్కటే ఫ్లాపీలోకి ఎక్కించుకుని వెళ్తే ఇంట్లో మాటలు కనిపిస్తాయి, ముగ్గు ఉండాల్సిన చోట ఎర్ర గుర్తున్న ఖాళీ గడి కనిపిస్తుంది. 'వెబ్ ఆర్కైవ్, సింగిల్ ఫైల్' అని ఇంకో రకం ఉండేది. అది ఎంచుకుంటే బొమ్మలతో సహా మొత్తం ఒకే ఫైలులో వచ్చేది. నేరుగా ఫ్లాపీమీదికి సేవ్ చేయకూడదు, మధ్యలో ఆగిపోతే ఫైలూ ఫ్లాపీ రెండూ పాడవుతాయి. ముందు డెస్క్‌టాప్ మీదికి, తర్వాత ఫ్లాపీలోకి. ఎక్కించాక ఫ్లాపీ తీసి మళ్లీ పెట్టి, ఫైలు తెరుచుకుంటుందో లేదో అక్కడే చూడాలి. ముఖ్యమైనదైతే రెండు ఫ్లాపీల్లో పెట్టాలి. స్పీకర్ పెట్టె పక్కన పెట్టిన ఫ్లాపీ మర్నాటికి మొండికేస్తుంది; స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది మరి.

ప్రింటు సంగతి వేరు. ముగ్గుకు కొలత ముఖ్యం కాదు, చుక్కల లెక్క తెలిస్తే చాలు. కాగితపు బొమ్మలకు మాత్రం కొలతే ప్రాణం. కత్తిరించి మడిచి అతికిస్తే గుడి, రైలింజను, జంతువు అయ్యే నమూనాలు అప్పట్లో ఉచితంగా చాలా దొరికేవి. అమెరికా లెటర్ సైజుకు గీసిన నమూనాను ఏ4 మీద 'ఫిట్ టు పేజ్' పెట్టి ప్రింటు తీస్తే వెడల్పు 216 మిల్లీమీటర్ల నుంచి 210కి కుదించుకుపోయి, 10 సెంటీమీటర్ల ముక్క 9.7 అవుతుంది. అన్ని పేజీలూ అలాగే వస్తే ఇబ్బంది లేదు. ఒక పేజీ ఇవాళ ఇక్కడ, రెండోది రేపు ఇంకోచోట తీయిస్తే మాత్రం గోడకూ కప్పుకూ కుదరదు, అంచు దగ్గర సందు వస్తుంది. ప్రింటు చేతికి రాగానే స్కేలు పెట్టి చూసుకోవడం ఒక్కటే మందు. మామూలు 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాములు) కాగితం మీద ఆ బొమ్మలు నిలబడవు. 160 నుంచి 180 జీఎస్ఎం కావాలి. మడత పెట్టాల్సిన చోట రాయని బాల్‌పెన్నుతో స్కేలు ఆనించి ఒకసారి నొక్కి గీస్తే మడత చీలకుండా వస్తుంది.

తెలుగులో వెతకడం ఇంకో యాతన. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, ఒక్కో రకం కోడు. ఒకదాని ఫాంటుతో ఇంకోటి తెరిస్తే పిచ్చి గీతలే. అందరికీ ఒకే కోడు, యూనికోడ్, వచ్చాక కూడా విండోస్ ఎక్స్‌పీలో కాంప్లెక్స్ స్క్రిప్ట్ మద్దతు విడిగా వేసుకోవాల్సి వచ్చేది, దానికి సీడీ అడిగేది. అది వేయకపోతే వత్తులు పక్కకు విడిపోయి నిలబడేవి. ఫైర్‌ఫాక్స్‌కు 'పద్మ' అనే యాడ్-ఆన్ వేసుకుంటే పత్రికల ఫాంట్లు యూనికోడ్‌లోకి మారి కనిపించేవి. తెలుగులో టైపు చేయడానికి లేఖిని వచ్చింది. ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంటే చూసి మురిసిపోని వాళ్లు లేరు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఈ చిన్న చిన్న దొరకడాలన్నీ ఆ ప్లైవుడ్ అరల్లోనే.

వీటన్నిటిలో అసలు నిధి ముగ్గు లెక్క. చిత్తూరు జిల్లాలో చుక్కలు కలిపే ముగ్గుకంటే చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు మీద మోజు ఎక్కువ. అరవదేశం పక్కనే ఉండటం వల్ల ఆ అలవాటు. మెలికల ముగ్గులో గొప్ప అంటే ఒకటే: పెట్టిన చెయ్యి ఎత్తకుండా, ఒకే గీతతో అన్ని చుక్కలనూ చుట్టి మొదలైన చోటికే రావాలి. కొన్ని ముగ్గులు అలా వస్తాయి, కొన్ని ఎంత చేసినా రావు. పెద్దవాళ్లకు ఏవి వస్తాయో తెలుసు. ఎందుకొస్తాయంటే "అంతే, అవి అట్ల వస్తాయి" అనేవాళ్లు. ఆ ఎందుకు అనేది నెట్‌లో దొరికింది.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లోనే ముగ్గులకు వ్యాకరణం రాశారు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే కొన్ని నియమాలతో ముగ్గును కంప్యూటర్‌తో పుట్టించవచ్చని చూపించారు. మనకు కూతవేటు దూరంలో, వాకిళ్లలో చూసి చేసిన పని అది. సంక్రాంతి ముగ్గు కోసం వెతికితే లెక్కల పేజీ తగలడం ఆ రోజుల్లో ఎంత ఆశ్చర్యమో! అలాంటి పేజీల నుంచి ఇంకో పేజీకి పోతూ ఉంటే ఈ కింది సూత్రం తగిలేది.

సరిచుక్కలు తీసుకోండి, అంటే అడ్డం నిలువు వరుసలు సూటిగా ఉండేవి. అడ్డంగా గానీ నిలువుగా గానీ పక్కపక్కన ఉన్న ఏ రెండు చుక్కల నడిమధ్య అయినా రెండు గీతలు ఒకదాన్నొకటి దాటాలి. అంచుకు వచ్చిన గీత అక్కడి చుక్కను చుట్టి లోపలికి మళ్లాలి. ఇంతే నియమం. ఇలా వేస్తే మొత్తం ఎన్ని విడి గీతలు వస్తాయంటే, వరుసలోని చుక్కల సంఖ్యకూ మొత్తం వరుసల సంఖ్యకూ ఉన్న గ.సా.భా. ఎంతో అన్ని. 3 వరుసలు, వరుసకు 4 చుక్కలు వేస్తే గ.సా.భా. 1, కాబట్టి ఒకే గీత. 5 వరుసలు 7 చుక్కలు వేసినా ఒకే గీత. 4కు 6 అయితే రెండు గీతలు. 4కు 4 అయితే నాలుగు. అందుకే చదరపు ముగ్గు నియమం తప్పకుండా వేస్తే ఎప్పటికీ ఒంటిగీత కాదు.

కారణం కూడా చేతితో పట్టుకోగలిగినంత తేలిక. గీత ఎప్పుడూ ఏటవాలుగా పోతుంది. నాలుగు చుక్కల వెడల్పు అడ్డంగా పోయి వెనక్కి రావడానికి 8 అడుగులు (అడుగంటే ఇక్కడ ఒక చుక్క దూరం). మూడు వరుసల ఎత్తు ఎక్కి దిగడానికి 6 అడుగులు. రెండూ ఒకేసారి మొదటికి రావాలంటే 8, 6ల క.సా.గు. కావాలి, అంటే 24. ముగ్గు మొత్తం గీతను అడ్డం కొలతలో లెక్కేస్తే చుక్కకు 2 అడుగుల చొప్పున 12 చుక్కలకు 24. మొత్తం గీత అంతా ఒక్క చుట్టులోనే ఖర్చయింది కాబట్టి ఒకే గీత. 3కు 3 చుక్కలైతే 6 అడుగులకే గీత మొదటికి వచ్చేస్తుంది. మొత్తం మాత్రం 18. కాబట్టి మూడు విడి గీతలు. కాగితం మీద ఒకసారి వేసి చూస్తే ఇక మరిచిపోరు.

వేసింది సరిగ్గా పడిందా లేదా అనేదానికి ఒక తనిఖీ ఉంది: గీతలు దాటుకునే కూడళ్లను లెక్కపెట్టడం. 3 వరుసలు 4 చుక్కలకు అడ్డంగా 9, నిలువుగా 8, మొత్తం 17 ఉండాలి. 16 వచ్చాయంటే ఎక్కడో రెండు చుక్కల మధ్య దాటకుండా జారిపోయారు. ఒంటిగీతలో ప్రతి కూడలి గుండా వేలు రెండుసార్లు పోవాలి.

ఇప్పుడు అసలైన ఉపాయం. విడివిడిగా ఉన్న రెండు గీతలు ఎక్కడైనా దాటుకుంటున్నాయా? ఆ ఒక్క కూడలిలో దాటనివ్వకుండా, రెండు గీతలూ ఒకదాని పక్కన ఒకటి వంగి వెనక్కి మళ్లేలా వేయండి. రెండు గీతలు కలిసి ఒకటైపోతాయి. 3కు 3 ముగ్గులో ఇలా రెండు చోట్ల చేస్తే ఒంటిగీత. అయితే రెండు వేర్వేరు గీతలు కలిసే కూడలినే ఎంచుకోవాలి. ఒకే గీత తనను తాను దాటే చోట విడదీస్తే, వంపు ఎటు పెట్టారన్నదాన్ని బట్టి అది రెండు ముక్కలు కావచ్చు. ఏది ఏ గీతో తెలియడానికి పెన్సిలుతో వేసి, ఒక్కో గీత మీద ఒక్కో రంగు స్కెచ్‌పెన్నుతో పోతే సరి. రెండు రంగులు కలిసే కూడలే మనకు పనికొచ్చేది. ఇంకొక మాట. ఒక పక్కనే విడదీస్తే ముగ్గు అందం చెడుతుంది. నాలుగు దిక్కులా ఒకే తీరుగా విడదీసి, ఆ తర్వాత ఎన్ని గీతలు మిగిలాయో వేలితో తిరిగి చూసుకోవాలి. అవ్వలు చేసేది సరిగ్గా ఇదే. మధ్యలో గీతను అటు తిప్పకుండా ఇటు వంచడం వాళ్ల చేతిలో ఉంది, దాని లెక్క నెట్‌లో ఉంది. రెండూ ఒకచోట చేరడం ఆ కాలం చేసిన మేలు. ఈ గ.సా.భా. లెక్క సందుచుక్కలకు, అంటే పై వరుస చుక్కల సందుల్లో కింది వరుస చుక్కలు పడేవాటికి, కుదరదు. '11 చుక్కలు, సందుచుక్క 6 దాకా' అనే రకానికి దీన్ని పెట్టి తప్పొచ్చిందంటే తప్పు ముగ్గుది కాదు.

ముగ్గులను కంప్యూటర్లో గీయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, పెయింట్ చాలు. ప్రతి చుక్కకూ చుట్టూ ఒక గడి ఉందనుకోండి. గడికి నాలుగు వైపులు. ఒక్కో వైపు గీత బయటికి దాటి పోవచ్చు, లేదా లోపలే వంగవచ్చు. కాబట్టి మొత్తం 16 రకాల గడులు. తిప్పితే ఒకటే అయ్యేవి తీసేస్తే ఆరే మిగులుతాయి: ఏ వైపూ తెరుచుకోని సున్నా, ఒక వైపు తెరుచుకున్న బొట్టు, ఎదురెదురు వైపులు తెరుచుకున్న కన్ను, పక్కపక్క వైపులు తెరుచుకున్నది, మూడు వైపులది, నాలుగు వైపులా తెరుచుకున్న వజ్రం. ఈ ఆరూ శ్రద్ధగా గీసుకుంటే చాలు, మిగతాదంతా కాపీ, పేస్టు, రొటేట్. గడి వెడల్పు బేసి పిక్సెళ్లలో ఉండాలి. 61 పెట్టుకుంటే నడిమధ్య సరిగ్గా 31వ పిక్సెల్ మీద పడుతుంది. 60 పెడితే మధ్య అనేదే లేదు, తిప్పిన గడులు పక్కదానితో ఒక పిక్సెల్ తేడాగా కూర్చుని గీత తెగినట్టు కనిపిస్తుంది. గీత మందం 3 పిక్సెళ్లు. అతికించేటప్పుడు తెల్ల వెనుకభాగం పారదర్శకంగా ఉండే గుర్తు నొక్కి ఉంచాలి, లేకపోతే పక్క గడి అంచును తినేస్తుంది.

సేవ్ చేసేటప్పుడు 24 బిట్ బిట్‌మ్యాప్ పెడితే 600కు 600 పిక్సెళ్ల ముగ్గు ఒక్కటే పది లక్షల బైట్లు దాటుతుంది, ఫ్లాపీకి ఒకటే. మోనోక్రోమ్ పెడితే అదే ముగ్గు 45 కిలోబైట్లు, ఫ్లాపీలో ముప్పై దాకా పడతాయి. జేపెగ్ మాత్రం వద్దు. అది ఫొటోల కోసం పుట్టింది. నల్లగీత పక్కన బూడిదరంగు మరకలు వేస్తుంది. ఆ మరకల వల్ల రంగు నింపే డబ్బా పరికరం సరిగ్గా నిండదు.

కాగితం మీది ముగ్గు వాకిట్లోకి దించడం ఇంకో విద్య. చుక్కకు చుక్కకు 10 సెంటీమీటర్లు పెట్టుకుంటే 5కు 7 ముగ్గుకు అంచు వంపులతో కలిపి 50కి 70 సెంటీమీటర్ల చోటు కావాలి. కళ్లాపి చల్లాక నేల తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే వేయాలి. నీళ్లు నిలిచి ఉంటే పిండి ముద్దకడుతుంది, పూర్తిగా ఎండితే గాలికి లేస్తుంది. ఒక్క బియ్యప్పిండితోనే వేస్తే చీమలకూ పిచ్చుకలకూ భోజనం, మంచిదే. ముగ్గురాతి పొడి కలిపితే గీత తెల్లగా, సన్నగా జారుతుంది. ఇంట్లో దేవుడి గదికి తడిముగ్గు. ఒక కప్పు పచ్చి బియ్యం రెండు గంటలు నానబెట్టి, కాటుకలా మెత్తగా రుబ్బి, పాలకంటే కాస్త చిక్కగా ఉండేలా నీళ్లు కలపాలి. చిన్న గుడ్డపేలిక దాంట్లో ముంచి చేతిలో పట్టుకుని మెల్లగా పిండుతుంటే ఉంగరం వేలి మీదుగా గీత జారుతుంది. చిక్కనైతే ఆరాక పెచ్చులు లేస్తుంది, మరీ పలచనైతే పక్కకు పారి ఆరాక కనిపించదు. వేసిన వెంటనే ఎలాగూ నీళ్లలాగే ఉంటుంది. ఆరిన తర్వాతే తెలుపు తేలుతుంది, కంగారుపడి పైన ఇంకో గీత వేయకండి. చుట్టూ ఎర్రమన్ను అంచు ముగ్గు ఆరాకే పెట్టాలి.

ఇలా నెట్‌లో కారణం, ఊళ్లో చెయ్యి దొరికిన ఇంకో పని కలంకారీ నలుపు. సహజరంగుల గురించి వెతికితే విదేశీ పేజీలన్నీ తుప్పు ఇనుమును వెనిగర్‌లో నానబెట్టమనేవి. తిరుపతి నుంచి 40 కిలోమీటర్ల లోపే శ్రీకాళహస్తి, అప్పుడు రెండూ చిత్తూరు జిల్లానే. అక్కడ తరతరాలుగా అదే పని బెల్లంతో చేస్తున్నారు, దాన్ని కసిం అంటారు. తుప్పు పట్టిన మేకులు, ఇనుప ముక్కలు అరకిలో, తాటిబెల్లం 100 గ్రాములు, నీళ్లు లీటరున్నర, మట్టికుండలో లేదా గాజు సీసాలో వేసి పదిహేను ఇరవై రోజులు ఉంచాలి. బెల్లం పులిసి పుల్లనవుతుంది, ఆ పులుపుకు ఇనుము కరుగుతుంది. మూత బిగించకూడదు, లోపల గ్యాసు పుడుతుంది. గుడ్డ కట్టి వదిలేయాలి. వాసన వస్తుంది, ఇంటి వెనక పెట్టుకోండి.

గుడ్డకు ముందు గంజి పూర్తిగా పోవాలి. రాత్రంతా నానబెట్టి ఉతికి ఆరేసిన మీటరు గాడా (ముతక నూలు) గుడ్డకు 50 గ్రాముల కరక్కాయ పొడి, అరలీటరు గేదెపాలు, అంతే నీళ్లు చాలు. అరగంట నానబెట్టి, సమంగా పిండి ఎండలో ఆరేస్తే లేత పసుపురంగు వస్తుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసినప్పుడే నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు గీతను పారనివ్వదు. పాలు మానేస్తే ప్రతి గీతా అంచుల్లో పక్కకు పారుతుంది. కలం అంటే కొన చెక్కిన వెదురుపుల్ల, కొనకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించాలి. ఆ చుట్టు కసిం పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కేదాన్ని బట్టి కొనకు దిగుతుంది. గీసినప్పుడు బూడిదరంగులో ఉండి గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. ఎంతకీ బూడిదగానే ఉంటే కసిం ఇంకా ఊరలేదు, లేదా గుడ్డకు కరక్కాయ సరిగ్గా పట్టలేదు. మరీ బలంగా ఉన్న కసిం పూసి ఉతక్కుండా వదిలేస్తే కొన్నేళ్లకు గీత ఉన్న చోటే గుడ్డ చీలుతుంది, ఇనుము నూలును తింటుంది. అందుకే పారే నీళ్లలో జాడించడం. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున ఈ పని పుట్టడానికి ఏరు అంత ముఖ్యం.

ఆ రోజుల్లో దాచుకున్నవి ఎవరింట్లోనైనా మిగిలుంటే ఆలస్యం చేయకండి. ఫ్లాపీ చదివే యూఎస్‌బీ డ్రైవులు ఇప్పటికీ దొరుకుతాయి. ఒకసారి చదవనంత మాత్రాన పారేయకండి, లోహపు షట్టరు పక్కకు జరిపి చూసి, బూజు లేకపోతేనే మళ్లీ పెట్టండి. బూజున్నది పెడితే డ్రైవు తల కూడా పాడై తర్వాతి ఫ్లాపీలను గీస్తుంది. ఇంక్‌జెట్ ప్రింట్లు వెలిసిపోతాయి, వాటిని ముందు స్కాన్ చేయండి. జిరాక్సులూ లేజర్ ప్రింట్లూ ఇంకా కొంతకాలం ఆగుతాయి, కానీ ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంటే బయటికి తీయండి, నల్లపొడి కవరుకు అంటుకుని కాగితం నుంచి లేచిపోతుంది. స్కాన్ 300 డీపీఐలో చేసి పీఎన్‌జీగా దాచండి. ఫైలు పేరులో చుక్కల లెక్క రాయండి, 'సరి 5x7 ఒంటిగీత' అని, 'సందు 11-6' అని. అవ్వ నోటుబుక్కు కూడా ఉంటే దాన్నీ అదే వరుసలో స్కాన్ చేయండి. పెన్సిలు గీతలు పలచగా ఉంటాయి కాబట్టి నలుపు తెలుపులో కాకుండా గ్రేస్కేల్‌లో తీయండి. పక్కన ఆమె చేతిరాతతో ఉన్న చుక్కల లెక్కను కత్తిరించకండి.